కుంటిమేక పెట్టిన రూలు

ఒక రాళ్ల కొండ దగ్గరికి మీరు వెళ్లారనుకోండి. కింద గడ్డిపరక లేదు. మేకపిల్లలు ఆకలితో నకనకలాడుతూ, పైనున్న పచ్చటి ఆకుల వైపు చూస్తూ కూర్చున్నాయి. కాపలా గొర్రె వాటిని కదలనివ్వలేదు.

"రాళ్ల మీదికి దూకకూడదు. కుంటిమేక అవ్వ పెట్టిన రూలు," అంది.

అది విని అవ్వ కుంటుకుంటూ వచ్చింది. "నేను దూకొద్దన్నానా? రాయిని గిట్టతో తట్టి, కదలకపోతే దూకమన్నాను. కాలు విరగ్గొట్టుకుని నేర్చుకున్న మాట అది."

"ఏ పిల్ల పడినా మాట పడేది నేనే కదవ్వా," అని గొణిగింది గొర్రె.

"నీకు మాట రాకూడదని అవి పస్తులుండాలా?"

అవ్వ రాయిని తట్టి, మూడు కాళ్లతోనే పైకి దూకింది. పిల్లలు కూడా తట్టి చూసుకుంటూ ఒక్కొక్కటే ఎక్కాయి. అవ్వ తలెత్తుకుని నిలబడింది.

రూలు ఒప్పుకోదని మీకు అడ్డుపడినవాణ్ణి, ఆ రూల్లో అసలేముందో మీరు ఒక్కసారైనా అడిగారా?