కడ పేజీ దాకా

ఇర్ఫానా రెండు స్టార్లు పెట్టింది.

పెట్టి గంటయినా కాలేదు, వాకాడులో చుట్టాల ఫోన్లన్నీ మోగడం మొదలైంది. పుస్తకమంటే పెళ్లికార్డు తప్ప ఎరగనివాళ్లు కూడా ఆ సమీక్ష చదివేసి చెవులు కొరుక్కున్నారు. సాయంత్రానికి మరిది అజారుద్దీన్ చెప్పులైనా విప్పకుండా నడవలోకి వచ్చేశాడు.

"ఏంది వదినా ఇది? ముక్కూ మొహం తెలియనోళ్లంతా ఐదేసి స్టార్లు ఏసినారు. కట్టుకున్నదానివి, నువ్వు రెండా?"

పుస్తకం కలీంది. ఇర్ఫానా భర్త కలీం మొదటి నవల, ఆఖరిది కూడా. కిడ్నీలు పాడై నిరుడు వానల్లో అతను పోయాడు. పుస్తకం ఈ వేసవిలో వచ్చింది. అచ్చు పనంతా ఇర్ఫానాయే దగ్గరుండి చూసుకుంది. నెల్లూరులో సభ పెడితే, మాట్లాడినవాళ్లందరూ ముగింపునే పొగిడారు. ఆస్పత్రి మంచం మీద చావుతో పోట్లాడుతూ రాసిన పేజీలివి అంటూ ఒకాయన మాట పూర్తిచేయకుండానే కూర్చుండిపోయాడు. ఇర్ఫానా ఆ పూట వేదిక ఎక్కలేదు. ఎంత పిలిచినా ఎక్కలేదు.

ఆమె బ్లాగు పేరు 'కడ పేజీ దాకా'. కడ పేజీ దాకా చదవందే స్టార్లు పెట్టదు. ఎవరైనా ఊరికే పంపిన పుస్తకం ముట్టుకోదు, కొనుక్కునే చదువుతుంది. రాసినవాళ్లు తెలిసినవాళ్లయితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. ఈ పట్టింపులతో ఎందరు రచయితలకు దూరమైందో లెక్కలేదు. కలీం తన వలల కొట్లో కూర్చుని నవ్వేవాడు.

"నా పుస్తకం వచ్చినా మొహమాటపడబాక. ఒక్క స్టారు ఎక్కువేసినావంటే నీతో మాట్లాడను."

మాట్లాడడానికి మనిషే లేకుండా పోయాడు. మాట మాత్రం మిగిలింది. ఇర్ఫానా ఇలా రాసింది:

"కలీం నా భర్త. ఈ నవలలో మొదటి నుంచీ సముద్రం ఎవరి మీదా జాలి చూపదు. అదే దీని గొప్ప. చివరి రెండు అధ్యాయాల్లో మాత్రం, పడవతో పాటు మునిగిన కొడుకు నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తాడు. తల్లిని ఏడిపించలేక చెప్పిన అబద్ధం అది. ఆ అబద్ధం నవలనంతా ముంచింది."

"అన్న పోతా పోతా రాసిన మాటలు అబద్ధమా? అమ్మ రోజూ చదివించుకునేది ఆ ముక్కే గదా!" అజారుద్దీన్ గొంతు పెంచాడు. "అంత నిజాయితీ అయితే కావలిలో మీ పుట్టింటికి పొయ్యి రాసుకో. ఈ ఇంట్లో కూర్చోని రాయబాక."

అత్త షమీమ్ గుమ్మంలో నిలబడి అంతా వింది. కొడుకును ఒక్క మాటా అనలేదు. ఇర్ఫానాకు అదే గుచ్చుకుంది.

షమీమ్‌కు తెలుగు అక్షరాలు రావు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప మీద నడుం వాల్చి, కోడలి చేత చదివించుకునేది. చివర్లో కొడుకు గుమ్మం ముందు కాళ్లకున్న ఇసక దులుపుకుని "అమ్మా, ఆకలేస్తాంది" అంటాడు. అక్కడికి రాగానే ఆమె కొంగు మొహం మీదికి లాక్కునేది. కాసేపటికి లోపల్నుంచి వినిపించేది:

"ఇంకోసారి చదువు మే."

ఇర్ఫానా తలెత్తకుండా మళ్లీ చదివేది. ఆ చాప మీదే వాళ్లిద్దరూ కలీంను తలుచుకునేవాళ్లు. వాళ్లకు వేరే ఓదార్పు లేదు.

సమీక్ష రాస్తున్న రోజున షమీమ్ పక్కకు వచ్చి కూర్చుంది. "ఐదు ఎయ్యి మే. నాకోసం ఎయ్యి," అంది. కోడలు కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆమె, చదవమనడం తప్ప, ఏదీ అడిగి ఎరగదు. ఆ ఒక్కటీ అడిగితే ఇర్ఫానా ఇవ్వలేకపోయింది. రాస్తున్నంతసేపూ ఏడ్చింది. ఏడుస్తూనే రెండు పెట్టింది.

మర్నాడు అన్నాలయ్యాక షమీమ్ గోడవైపు తిరిగి పడుకుంది. చదవమని అడగలేదు. ఆ మర్నాడూ అంతే. ఇక ఆ ఇంట్లో తనకు చోటు లేదని ఇర్ఫానాకు అర్థమైంది. పొద్దున్నే బట్టలు సర్దుకుని, కావలి బస్సుకు వెళ్దామని సంచీ పట్టుకుని అత్త దగ్గరికి వచ్చింది. షమీమ్ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పోతుండా అత్తమ్మా."

"స్టార్లు మార్చినావా?"

"లేదత్తమ్మా. ఆయనకి మాటిచ్చుండా. మార్చలేను."

షమీమ్ ఆమె చేతిలోని సంచీ అందుకుని గోడవారగా పెట్టింది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆస్పత్రిలో వాడి నోట్లో గంజి పోసింది నేనే మే. చెంచా పట్టుకునే సత్తువ గూడా లేదు, నా బిడ్డకి."

ఇర్ఫానా తల వంచుకుంది.

షమీమ్ పుస్తకం తెరిచి, అక్షరాలు రాని వేళ్లతో చివరి పేజీ నిమిరింది.

"నా కొడుకు రాసినదానికి నీకు తోచినన్ని ఏసుకో బిడ్డా, నేను ఐదు అడిగింది కడాన నువ్వు రాసిన ఆ రెండు చాప్టర్లకి."