మబ్బుకి ఆర్డరు

"బాగుంది తమ్ముడూ. కానీ ఇది మబ్బు కాదు, దూది," అన్నాడు ఫోన్లో ధనరాజ్.

యుగంధర్ కంప్యూటర్ తెర వైపు మళ్ళీ చూశాడు. నిజమే, దూదే.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద చిన్న గది అతనిది. అందులో కూర్చుని కంప్యూటర్లో కొండలు, ఏళ్ళు, అడవులు పుట్టించి గేముల కంపెనీలకి అమ్ముతాడు. కొండ సులువు. నీళ్ళు పరవాలేదు. మబ్బు మాత్రం ప్రాణం తీస్తుంది. కొండకి అంచుంటుంది, మబ్బుకుండదు. కొండ మీద పడ్డ వెలుతురు అక్కడే ఆగుతుంది. మబ్బు మీద పడ్డ వెలుతురు లోపలికి దూరి, దారి తప్పి, ఇంకెక్కడో తేలుతుంది. ఆ తప్పిపోవడాన్ని లెక్కకట్టలేక కంప్యూటరు మూలుగుతుంది.

ధనరాజ్‌ని అతను చూసింది లేదు. మర్యాదగల గొంతు, అంతే. మన తీరం మీద చిన్న వీడియో చేస్తున్నామన్నాడు. ఒడ్డున కెమెరా కదలకుండా పెట్టి తీసిన ముక్క పంపాడు. ఇసక, ఆరబెట్టిన చేపలు, పడవలు, సముద్రం. పైన ఖాళీ ఆకాశం. అందులో వాన మబ్బు కావాలి.

ఆ ఒడ్డు యుగంధర్ సొంతూరు చినరేవుపేటది. అందుకే ఉషారుగా ఒప్పుకున్నాడు.

మబ్బు అడుగు చదును చేశాడు. నల్లబరిచాడు. పైన కాలీఫ్లవర్లా పొంగించాడు.

"మబ్బు నలుపు, కింద ఇసక తెలుపు," అన్నాడు ధనరాజ్. "ఆ ఎండ ఎవడిచ్చాడు తమ్ముడూ? నీడ పడాల కదా."

నీడ పడేశాడు. అది ఇసక మీద మెల్లగా పాకేట్టు చేశాడు.

"ఆఁ. ఇంకా ఏదో తక్కువైంది. మీ ఊళ్ళో పెద్దోళ్ళకి చూపించు. వాళ్ళు సరేనంటే నేనూ సరేనన్నట్టే."

యుగంధర్ లాప్‌టాప్ సంచిలో వేసుకుని ఊరెళ్ళాడు.

ఊళ్ళో ఎవరికీ మబ్బుల ధ్యాస లేదు. ఓడలాగే జెట్టీ కడతారని గొడవ. ఒడ్డు మొత్తం ఒక కంపెనీకి రాసిచ్చేస్తారట. గురువారం ప్రజాభిప్రాయ సేకరణ. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ సభలో, ఆ పూట, నోటితో చెప్పాలి. చెప్పకపోతే అభ్యంతరం లేనట్టే. రూలు అలా రాశారు. రాసినోడెప్పుడూ చేపలు ఆరబెట్టి ఉండడు.

మేనత్త మరిడమ్మ ఇసక మీద ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల్ని తిరగేస్తోంది. ఆ ఇసక పోతే ఆమెకి ఇంకో ఇసక లేదు.

"అత్తా, ఈ మబ్బు సూడు."

ఆమె నడుం ఎత్తకుండానే చూసింది. "దీనికి తోకేదిరా?"

"తోకేటి?"

"వాన దిగతన్న మబ్బుకి కింద తోకుంటాది. నీది వానకొచ్చినట్టు లేదు, సుట్టపుసూపుకొచ్చినట్టుంది."

"సరే, పెడతాను."

"పెట్టుకో. గురువారం మాత్రం రా అల్లుడా. నేనే ముందు లేస్తాను. 'అయ్యా, ఈ ఇసక మాది, ఇవ్వం' అంటాను. సాల్దా?"

"సాలు అత్తా."

"సాలకపోతే తిడతాను. అదొచ్చు నాకు."

గదికి తిరిగొచ్చి తోక పెట్టాడు. మబ్బు అడుగు నుంచి నీళ్ళ మీదికి బూడిదరంగు జాలు, గాలికి కొంచెం వాలి. పంపాడు.

ధనరాజ్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఇదే తమ్ముడూ. ఇంక ముట్టుకోకు."

గురువారం సభ తుఫాను షెల్టర్లో పెట్టారు. వేదిక మీది తెర బాగా కనబడాలని కిటికీలన్నీ మూసేశారు. ఊరు ఊరంతా లోపలుంది. బస్సు ఆలస్యమై వచ్చిన యుగంధర్‌కి కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీదే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి వీపులు తప్ప ఏమీ కనబడవు.

ఎవరో ఉద్యోగాల గురించి చదువుతున్నారు. చదువుతూనే ఉన్నారు.

"బేగి కానీండి బాబూ, సేపలు ఇసక మీద ఒగ్గీసి వచ్చినాం," అంది మరిడమ్మ గొంతు.

"మీకా బెంగక్కర్లేదమ్మా. ఒడ్డున కెమెరా పెట్టించాం. మీ చేపలు తెర మీద కనబడుతూనే ఉంటాయి, చూసుకోండి," అన్నారు వేదిక మీది వాళ్ళు.

ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. ఎప్పుడూ ఇంత ఇదిగా చూసుకున్నవాళ్ళు లేరు.

ఉద్యోగాలు అయ్యాయి. రోడ్లు అయ్యాయి. ఇక జనం మాట్లాడొచ్చన్నారు. మరిడమ్మ లేచింది, కొంగు బిగించింది, తెర వైపు ఒకసారి చూసింది.

"ఓలమ్మ, నా నెత్తళ్ళు."

ఆమె గుమ్మం దాటేసరికి వెనక ఊరంతా ఉంది. కుర్చీలు పడిపోయాయి. మగవాళ్ళు పడవలంటున్నారు, వలలంటున్నారు. "ఏటైంది అత్తా?" అని యుగంధర్ అడిగాడు. "మెట్ల కాడ నా గంప అట్టుకో," అంది, అంతే. పట్టుకుని పరిగెత్తాడు. సరుగుడు తోట దాటారు. ఇసక మీద కూలబడి, తల ఎత్తకుండా ఇద్దరూ నెత్తళ్ళు గంపలోకి ఊడ్చారు. పక్కనోళ్ళూ అంతే. పడవలు పైకి లాగుతున్న కేకలు. ఒక గంప నిండింది.

అప్పుడు మరిడమ్మ చెయ్యి ఆగింది. మెడ మీద ఎండ సుర్రుమంది.

తలెత్తింది.

"ఒరే అల్లుడా, తెర మీదున్న మబ్బేదిరా?"

సముద్రం మీద ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది.

సరుగుడు తోట అవతల నుంచి, ఖాళీ షెల్టరు మైకులో, ఫోన్లో ఉన్నంత మర్యాదగానే ధనరాజ్ గొంతు వినబడింది: "అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండమ్మా, మూడోసారి అడుగుతున్నాం."