దుష్ఫలితాలు లేవు

"ఒసే, సీమలే! గోడ నిండా సీమలు పాకుతన్నాయి, దులపవేటి?"

మంచం మీద సూరయ్య లేని చీమల్ని గాల్లోంచి ఏరి పారేస్తున్నాడు. భార్య లక్ష్మీనరసమ్మ అతని చేతులు పట్టుకుని ఏడుస్తోంది. సాలూరులోని ఆ చిన్న ఆసుపత్రికి మధ్యాహ్నం రెండు గంటలకి ఆటోలో తీసుకొచ్చింది.

హెడ్ నర్సు యమున అతని నుదురు తాకింది. ఒళ్లు కాలిపోతోంది.

"వడదెబ్బ. మే నెలలో ఇంకేముంటుంది?"

"పొద్దున్నించీ కడుపునొప్పని మెలికలు తిరిగిపోతన్నాడమ్మా," అంది లక్ష్మీనరసమ్మ.

యమున డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ఇంట్లో భోజనం చేస్తూ పెరుగన్నంలోకి వచ్చి ఉన్నాడు. కడుపునొప్పికి ఒక ఇంజక్షను, ఎండకి ఒక సెలైను అక్కడి నుంచే చెప్పేశాడు. యమున మందు సిరంజిలోకి లాగింది.

ఝాన్సీ విజయనగరంలో నర్సింగు మూడో ఏడాది చదువుతోంది. ఇక్కడికి ట్రైనింగుకి వచ్చి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఆమెకి అప్పగించిన అతి పెద్ద వైద్య బాధ్యత, ఎదురు కొట్లో సిస్టర్లకి టీ చెప్పి రావడం. ఖాళీగా ఉంది కాబట్టి రోగిని చూసింది. కళ్లలోకి టార్చి వేస్తే కంటిపాపలు పెద్దవిగా విప్పారి, వెలుతురుకి కూడా కదలకుండా ఉన్నాయి. నాలుక అట్టలా ఎండిపోయింది. అంత వేడి ఒంట్లో చెమట చుక్క లేదు. నాడి నూట నలభై. పొత్తికడుపు ఉబ్బి రాయిలా గట్టిగా ఉంది.

"సిస్టర్, ఆ ఇంజక్షన్ ఆపండి."

యమున వెనక్కి తిరిగి చూసింది. "డాక్టరుగారి కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"ఆ మందు పేగుల్ని సడలిస్తుంది, నిజమే. దాంతోపాటు నోరు ఎండబెడుతుంది, గుండెని పరిగెత్తిస్తుంది, మూత్రం ఆపేస్తుంది. ఈయనకి ఆ మూడూ ముందే ఉన్నాయి. ఉమ్మెత్త తిన్నవాళ్లకి ఇలాగే అవుతుందని చదువుకున్నాం. ఒంటిని నెమ్మదింపజేసే నరాలు పని మానేస్తాయి. దాని మీద ఇది కూడా ఇస్తే గుండె తట్టుకోలేదు."

"ఉమ్మెత్త ఎవరు తింటారే?"

ఝాన్సీ లక్ష్మీనరసమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఈయన ఏ మందులు వాడుతున్నారు?"

"మందులేటీ నేవమ్మా."

"పసరు, చూర్ణం, పొడి... ఏదైనా?"

"పొడంటే మందు కాదు గదా!"

కొంగు ముడి విప్పి ఒక పొట్లం తీసింది. మీద తొండం ఎత్తిన ఏనుగు బొమ్మ. కింద ఎర్ర అక్షరాలు: 'కీళ్లనొప్పుల పొడి. నూటికి నూరు శాతం మూలికలు. దుష్ఫలితాలు లేవు.' ఏ మూలికలో లేదు. ఎవరు చేశారో లేదు.

"మోకాళ్లు నొప్పులంటే నిన్న ఒక సెంచా పాలల్లో కలిపిచ్చాను. తగ్గనేదని పొద్దున్న రెండు సెంచాలు వేసాను. ఆయనకి సెప్పనేదు. సెప్తే తాగడు."

"ఎక్కడ కొన్నారు?"

"కొన్నేదమ్మా, ఇంట్లో ఉన్నాది."

యమున మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి డాక్టరు చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చాడు. పొట్లం చూశాడు, కళ్లు చూశాడు, ఇంజక్షన్ పక్కన పెట్టించాడు. మూత్రానికి ట్యూబు వేస్తే లీటరు దాకా వచ్చింది. దాంతో కడుపునొప్పీ పోయింది. తడిగుడ్డలతో ఒళ్లు తుడుస్తూ సాయంత్రం దాకా నాడి చూస్తూ కూర్చుంది ఝాన్సీ.

"నేనూ మొదట్నించీ అదే అనుకున్నాను," అన్నాడు డాక్టరు.

మర్నాటికి చీమలు పోయాయి. సూరయ్య లేచి కూర్చుని కాఫీ తాగుతూ ఏం జరిగిందని అడిగాడు. ఝాన్సీ పొట్లం చూపించింది. అతని ముఖం పాలిపోయింది.

"ఇది నాకు పోసావా?" భార్య మీద విరుచుకుపడ్డాడు. "బుద్ధుందేటే నీకు? ఇసుంటివి మనుసులు తాగీవేనా?"

ఝాన్సీకి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆ మాటన్న మొదటి మనిషి ఇతనే. వెంటనే వార్డులో ఉన్న ఆరు మంచాలవాళ్లకీ చెప్పడం మొదలుపెట్టింది. "మూలికైనా మందే. మోతాదు దాటితే విషమే. బీపీ మాత్రలతో, షుగరు మాత్రలతో కలిస్తే ఏమవుతుందో తెలీదు. ఏది మింగినా ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి. ఈయనకున్న జ్ఞానం అందరికీ ఉండాలి."

పక్క మంచం మీది గంగులు లేచి కూర్చున్నాడు. అతను లారీ డ్రైవరు.

"నానూ ఈ ఏనుగు పొట్లమే వాడతన్నానమ్మా. మా స్టాండులో సగం మంది ఇదే. ఘాటీలో బండి తోల్తంటే రోడ్డు మసగ్గా అవుపిస్తన్నాది. వయసనుకున్నాను."

"పారేసీ తమ్ముడూ, పారేసీ," అన్నాడు సూరయ్య, గోడ వైపు చూస్తూ.

డాక్టరుకి కోపం వచ్చింది. "ఈ పొట్లం డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి పంపిస్తాను. చేసినవాణ్ణి లోపలెయ్యాలి."

సూరయ్య చేతులు జోడించాడు. "వద్దు బాబూ! ఆడికీ పెళ్లాం పిల్లలుంటారు. ఏదో బతకనేక సేసుంటాడు. నాను బతికాను గదా, ఒగ్గీండి."

చావు అంచుల దాకా పంపినవాడి మీద ఇంత దయా! ఝాన్సీ కళ్లు చెమర్చాయి. యమున కూడా దండం పెట్టబోయి ఆగింది.

సూరయ్య ఆటో కోసం బయటికి వెళ్లాడు. ఝాన్సీ లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుంది.

"దేవుడిలాంటి మనిషమ్మా. ఆయన్ని అడిగి ఇచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇకనైనా అలాంటివి గడప తొక్కనివ్వకండి."

లక్ష్మీనరసమ్మ తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆ పొడి సేసి అమ్మీది మా ఆయనేనమ్మా."