పన్నెండో రింగు

పన్నెండు రింగులయ్యాక గానీ అవతల ఫోను ఎత్తలేదు.

నిచ్చెన మీద కూర్చుని, ఒక చేత్తో బ్రష్షు, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్న రంగుల మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

"లేచొచ్చి ఫోనెత్తడానికి ఇంత బద్ధకమైతే ఎలా మేడమ్? ఇక్కడ మా ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది!"

అవతల ఒక ఆడగొంతు కాసేపు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత నవ్వింది.

"బద్ధకమే నాయనా. చెప్పు, ఏం కావాలి?"

ఆ నవ్వుకి మేస్త్రి కోపం సగానికి సగం దిగిపోయింది.

అతని భార్యకి గుండెలో వాల్వు పాడైంది. నెలలోపు ఆపరేషన్ చేయాలన్నారు. చేయించే తాహతు లేదు. బీదవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉందనీ, దానికి కార్డు తీసుకోవాలనీ ఆస్పత్రి వరండాలో పోస్టరు అంటించారు. కార్డు ఎలా వస్తుందని ఏ కిటికీ దగ్గర అడిగినా పక్క కిటికీ చూపించారు. చివరికి పోస్టరు అడుగున ఉన్న నంబరుకి చేశాడు.

"అయితే రాసుకో."

"రంగులేసేవాణ్ణి మేడమ్. నిచ్చెన మీదున్నాను."

"గోడ మీదే రాసుకో. ఎలాగూ పైన రంగేస్తావుగా!"

మేస్త్రికి నవ్వొచ్చింది. బుద్ధిగా గోడ మీదే రాసుకున్నాడు. ఆదాయం సర్టిఫికెట్టు, ఇద్దరి ఫోటోలు, ఉంటున్న ఇంటికి రుజువు.

"కార్డు రాకముందే తొందరపడి ఆస్పత్రిలో చేర్చకు. తర్వాత చిక్కు."

"మాది అద్దె ఇల్లమ్మా. ఇంటాయన సంతకం పెట్టనంటున్నాడు."

మేడమ్ కాస్తా అమ్మ ఎప్పుడయిందో అతనికే తెలియలేదు.

అవతల ఎక్కడో గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"అది నాకూ తెలీదు నాయనా. రేపు ఇదే వేళకి చెయ్యి, కనుక్కుని చెప్తా."

ఆఫీసులో కూర్చున్నవాళ్లకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని గొణుక్కున్నాడు. అయినా మర్నాడు మళ్లీ చేశాడు. మళ్లీ పన్నెండు రింగులు.

"మీ పేటలో ఇంటింటికీ తిరిగే నర్సు వచ్చి, మీరక్కడే ఉంటున్నారని రాసిస్తే చాలట. పొద్దున్నే వెళ్లి పట్టుకో."

అలా రోజూ మధ్యాహ్నం ఏదో ఒకటి అడిగేవాడు. అడగడానికేమీ లేని రోజు కూడా చేసేవాడు. ఫోను పెట్టేశాక బ్రష్షు పైకీ కిందికీ దానంతటదే నడిచేది. ఎదురుగా ఉన్న గోడ మెల్లగా కరిగిపోయి, ఆ గొంతు ఉండే గది కనిపించేది. ఆ గదికి పెద్ద కిటికీ. గాలికి పొంగే తెర. తూర్పు గోడకి గడియారం. ఆ గదికి అతను మనసులోనే రంగులు వేసేవాడు.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య అదే అడిగేది.

"ఇవాళ ఏం రంగేశావు?"

"లేత నీలం."

"కిటికీకి తెలుపెయ్యి. ఇంతకీ ఆవిడ ఎలా ఉంటుందంటావు?"

"కుర్చీలోంచి లేవడానికే పన్నెండు రింగులు పడుతోందంటే, ఏనుగంత ఉండుంటుంది!"

ఆమె ఆయాసం వచ్చేదాకా నవ్వింది. అతనికి భయమేసి నోరు మూసుకున్నాడు.

కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది. భార్య కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆవిడకి చెప్పావా?"

చేశాడు. ఇరవై రింగులైనా ఎవరూ ఎత్తలేదు. ఎన్ని రోజులు చేసినా అంతే.

ఇక లాభం లేదని, ఒక డబ్బా లేత నీలం రంగు పట్టుకుని బీమా ఆఫీసుకే వెళ్లాడు.

"ఫోనులో మాట్లాడే అమ్మగారి గది ఏదండీ? రంగేసి వెళ్తాను."

గుమస్తా వింతగా చూశాడు. "మా దగ్గర ఫోన్లెత్తేది ఇద్దరూ మగవాళ్లే. ఏ నంబరుకి చేశావు?"

చూపించాడు.

"ఓ, ఇదా! పోస్టరులో చివరి అంకె తప్పు పడిందయ్యా. ఇది మా నంబరు కాదు."

మేస్త్రి మెట్ల మీద కూలబడి మళ్లీ అదే నంబరు నొక్కాడు. ఈసారి మొదటి రింగుకే ఒక మగగొంతు పలికింది.

"మీరూ కార్డు కోసమేనా? ఇది ఇల్లండీ. మా అక్క పోయి పది రోజులైంది. ఇల్లు ఖాళీ చేస్తున్నాను."

అడ్రసు కనుక్కుని, డబ్బా పట్టుకుని అలాగే వెళ్లాడు.

సామానంతా మూటల్లో ఉంది. ఒక మూల మంచం. గది ఆ చివర గోడకి పాత ఫోను. పైన గడియారం. కిటికీ చిన్నదే, తెర కూడా లేదు.

"రాంగ్ నంబరని చెప్పి పెట్టెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!" అన్నాడు తమ్ముడు. "ప్రాణం మీదికొచ్చి అడిగేవాళ్లని ఎలా పొమ్మంటానురా అనేది. అసలు ఆఫీసుకి తనే ఫోను చేసి, అన్నీ అడిగి పెట్టుకునేది."

ఫోను పక్కన గోడ నిండా పెన్సిలు రాతలు. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తారో. అన్నిటికంటే కింద, వణికిన అక్షరాల్లో ఒక వరుస ఉంది.

'రంగుల అబ్బాయి భార్యకి ఆపరేషన్ అయిందా?'

మేస్త్రికి కళ్లు మసకబారాయి. తుడుచుకుని తల తిప్పాడు.

ముప్పై ఏళ్లుగా గోడలు చూస్తున్న ఆ కళ్లకి అప్పుడు కనిపించాయి, మంచం దగ్గర్నుంచి ఫోను దాకా, నడుమెత్తున, ఒకదాని పక్కన ఒకటిగా అరచేతి మరకలు. ఒక కాలు పూర్తిగా పడిపోయిన ఆ మనిషి, పన్నెండు రింగులూ గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచి వచ్చిన దారి.