లోయకొచ్చిన ఎండ

కొండ చాటున, ఏడాది పొడుగునా ఎండ తగలని లోయలో ఒక ఎలుకమ్మ ఉండేది. చలికి పిల్లలు ముడుచుకుపోయేవి. చిన్నదైతే తిండి ముట్టడమే మానేసింది. ఎండ లోపలికి వస్తుందేమోనని ఎలుకమ్మ రోజూ కన్నాన్ని ఇంకాస్త పెద్దది చేసేది. ఎండ రాలేదు సరికదా, చలిగాలి జొరబడింది.

కొండమీది ఉడుము అది చూసి దిగివచ్చింది. "ఎందుకే ఆ తవ్వకం? నా బండమీద ఎండకు కొదవా? ఒక రాయి తెచ్చి పెట్టుకో, పొద్దు వాలాక పట్టుకుపో."

"మా ఇల్లు నీడలో ఉంది కదా తాతా, మాకూ వస్తుందా?"

"నీ ఇల్లెక్కడో ఎండకేం తెలుసే పిచ్చిదానా!"

మర్నాడు ఎలుకమ్మ గులకరాయి దొర్లించుకుంటూ బండెక్కి, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఉడుము ఇంటింటికీ చెప్పినట్టుంది. ముళ్లపంది రాయి, కుందేలు రాయి, కప్ప రాయి... లోయలోని ప్రతి ఇంటి రాయీ అక్కడ ఎండ కాచుకుంటోంది!

సాయంత్రం ఎలుకమ్మ వెచ్చబడ్డ తన రాయిని ఆకులో చుట్టి ఇంటికి తెచ్చింది. పిల్లలన్నీ దానికి పొట్టలానించి పడుకున్నాయి. కాసేపటికి చిన్నది మెల్లగా తలెత్తింది.

"అమ్మా, సూర్యుడు ఇంత చిన్నవాడా?"

"కాదమ్మా, ఇది మన వంతు."