తాటిచెట్టు మీది గాటు

సింహంగారి కొలువుకి తేనె అప్పు పెట్టేది పక్క అడవి ఎలుగుబంటి. ఖాళీ అయిన కుండల్ని తాటిచెట్టు పక్కన ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఆ దొంతర చెట్టు మీది గాటుని తాకిందంటే ఇక అప్పు చెయ్యకూడదని అడవి చట్టం. ఆ గాటు పెట్టే ఉద్యోగం వడ్రంగిపిట్టది.

ఈ ఏడాదీ కుండలు గాటుని తాకాయి. సభ కూడింది.

"గాటు పైకి జరపకపోతే అడవి పరువు గంగలో కలుస్తుంది!" అంది నక్క.

"మా పిల్లల నోట్లో మట్టి కొడతారా? చచ్చినా జరపనివ్వం!" అని తోడేలు మూతికంటిన తేనె తుడుచుకుంటూ గొంతు చించుకుంది.

వాదన మూడు రోజులు సాగింది. అరిచి అరిచి ఎండిన గొంతులు తడుపుకోవడానికి ఇంకో రెండు కుండలు తెప్పించారు. అవి సభ ఖర్చు కాబట్టి లెక్కలోకి రావన్నారు. నాలుగోనాడు "ఇదే ఆఖరిసారి" అంటూ అందరూ పంజాలెత్తారు.

ఆ మాట వడ్రంగిపిట్ట వినడం ఇది పన్నెండోసారి. కొత్త గాటు పెడదామని ఎగిరి చూస్తే పైన మట్టలే తప్ప మాను లేదు. ఇప్పటికైనా వీళ్లకి బుద్ధొస్తుందని దానికి ప్రాణం లేచొచ్చింది.

"ప్రభూ, చెట్టు అయిపోయింది!" అని కేకేసింది.

సభంతా నోరు వెళ్లబెట్టింది. సింహం మాత్రం మీసాలు నాక్కుని, పక్కనే కూర్చున్న ఎలుగుబంటి భుజం మీద చెయ్యేసింది.

"బావా, మీ వైపు ఇంతకన్నా పొడుగు చెట్టేదైనా ఉంటే ఒకటి అప్పివ్వు."