ఆగే చక్రం లెక్క

"లెక్కలు చేస్తే రొట్టెలు గుండ్రంగ వస్తయా?" అంది మాబూబీ మూడోసారి.

"రాకుంటే రాకపాయె. జెర ఆగు" అన్నాడు జాన్ సాహెబ్, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఎంతగనం ఆగుడు? నెల దినాలాయె. మీరు బడి నుంచి వచ్చుడే ఆలస్యం, తండ్రీబిడ్డలు పలక పట్టుకొని కూసుంటున్నరు. లతీఫా మెట్రిక్ పాసయింది, చాలదా? ఆడపిల్లకు ఇంకా పరీక్షలేంది?"

"వచ్చే నెల ఒక్క పరీక్ష. గట్టెక్కితే మళ్ల అడగను."

"ఉర్దూల అయితే ఎప్పుడో అయిపోతుండె గద! ఇరవై రెండేండ్లు బళ్లె అట్లనే చెప్తిరి."

"పోలీస్ యాక్షన్ అయ్యి ఏడాదాయె, బేగం. మా బళ్లెనే ఇంగ్లీషు షురూ అయింది. ఇగ ఉర్దూ లెక్క ఎవడు చూస్తడు?"

మంచం మీది ముసలామె, జాన్ సాహెబ్ తల్లి, బోసినోటితో నవ్వింది. "నువ్వు చిన్నప్పుడు గింత చదివినవార జానూ?"

మాబూబీ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. పరదా అవతల లతీఫా ఒక లెక్కను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. సెకనుకు ఇరవై రేడియన్ల వేగంతో తిరిగే చక్రం ఒకే తీరుగా నెమ్మదించి, పది సెకన్లలో ఆగిపోయిందట. ఆగేలోపు ఎంత తిరిగింది?

బలపం కిర్రుమంది. కాసేపటికి కూతురి గొంతు గట్టిగా వినిపించింది.

"తప్పు! మొదటి వేగం సున్నా కాదు, ఆఖరుది సున్నా. చక్రం ఆగుతున్నది, షురూ అయితలేదు!"

మాబూబీ మనసు చివుక్కుమంది. పిచ్చిపిల్ల, తన తప్పుకు తనను తానే తిట్టుకుంటోంది.

చాయ్ కోసం స్టవ్ వెలిగించింది. దాని హోరులో మాటలు కలిసిపోయాయి. "మైనస్ రెండు... నూరు రేడియన్లు" అన్నది మాత్రం వినబడింది, ఆ వెంటే ఇద్దరి నవ్వులు.

చాయ్ తీసుకెళ్లేసరికి జాన్ సాహెబ్ నుదురంతా చెమట. బిడ్డ మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో! మాబూబీ కోపం కరిగిపోయింది. కొంగుతో ఆ నుదురు తుడిచింది.

"రేపటి సంది రొట్టెలు నేనే చేసుకుంట. ఫికర్ చెయ్యకుండ్రి."

రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. "సుభాన్, చెల్లెకు పరీక్ష. నీళ్లు నువ్వే మొయ్యాలె" అని కొడుక్కి ముందే చెప్పేసింది మాబూబీ. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇంతకూ పరీక్షకు పేరు రాయించినరా?"

జాన్ సాహెబ్ చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. తల్లిని చూశాడు, కొడుకును చూశాడు. లతీఫా తల ఊపింది, చెప్పమన్నట్టు.

"ఇయ్యాలనే రాయించిన. నిన్నటిదాంక హిమ్మత్ చాలలేదు" అన్నాడు మెల్లగా. "ఇంకో నెల అందరూ జెర ఓర్చుకోండ్రి. పరీక్ష రాసేది నేను."